ఉప్పు బస్తా నేర్పిన పాఠం: పన్ను ఎవరి దారి మూస్తుంది?

పాల సంఘ సభ్యులకు,

పన్ను అనగానే మనం మొదట అడిగే ప్రశ్న "ఎంత?" అని. అది అడగవలసిన ప్రశ్నే. కాని దానికన్నా ముందు అడగవలసినది మరొకటి ఉంది: "ఈ పన్ను వల్ల, ఈ నిబంధన వల్ల ఎవరి దారి మూసుకుపోతుంది?" ఈ రెండవ ప్రశ్న ఎవరూ అడగకపోతే ఏమవుతుందో తెలుసుకొనడానికి దూరం పోనక్కరలేదు. బాపట్ల, చీరాలల మధ్య రైలు ఆగే స్టూవర్టుపురం చరిత్ర చూస్తే చాలు.

ఉప్పు మోసినవారు

ఎరుకల వారిలో "ఉప్పు ఎరుకల" అనే శాఖ ఉంది. పేరులోనే వృత్తి ఉన్నది. కోస్తా ఉప్పు కొఠారుల దగ్గర ఉప్పు కొని, ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకొని, బండి బాట లేని మెట్ట ఊళ్లకు చేర్చేవారు. తిరుగు దారిలో ధాన్యం, చింతపండు వంటివి తెచ్చి తీరంలో అమ్మేవారు. వారికి అంగడి లేదు, గిడ్డంగి లేదు. పశువే పెట్టుబడి, నడకే వ్యాపారం. మెట్ట ఊరి ఇల్లాలికి ఉప్పు గడపలోకి వచ్చేది. వీరికి రెండు పూటలా గడిచేది.

మద్రాసు రాజధానిలో ఉప్పు వ్యాపారాన్ని 1805లో ఈస్టిండియా కంపెనీ తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకొన్నది. తరువాత ప్రభుత్వం ఉప్పుపై పన్ను వసూలు చేసింది. 1888లో సుమారు 37 కిలోల మణుగుకు పన్ను రెండు రూపాయల ఎనిమిది అణాలు. ఆ ఉప్పు తయారు చేయడానికి అయ్యే ఖర్చు కొన్ని అణాలు మాత్రమే. అంటే ఉప్పు బస్తా కొనాలంటే సరుకు ధరకు ఎన్నో రెట్లు పన్ను రూపంలో ముందే పెట్టాలి. పెద్ద వర్తకుడు ఆ పెట్టుబడి పెట్టగలడు. రెండు ఎద్దుల మనిషి ఎక్కడ నుంచి తెస్తాడు?

దెబ్బ ఉప్పు పన్ను ఒక్కదాని వల్లనే పడలేదు. 1876-78 ధాత కరువులో పశువులు చచ్చాయి. రైలు మార్గం ఉప్పును బస్తాలకు బస్తాలు లోపలి ఊళ్లకు చేర్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం మేతకు, బుట్టలల్లే వెదురుకు అడ్డుకట్ట వేసింది. రైలు రావడం తప్పు కాదు. దాని వల్ల ఉప్పు చేరవేత ఖర్చు తగ్గింది. కాని ఒక దారి మూసినప్పుడు రెండవ దారి తెరిచి ఉండాలి. ఇక్కడ ఉప్పు దారి, మేత దారి, వెదురు దారి దాదాపు ఒకే తరంలో మూసుకుపోయాయి. మీనా రాధాకృష్ణ వంటి చరిత్రకారులు ఈ సంగతి వివరంగా చూపించారు.

దారి మూసిన చట్టం తరువాత మనిషిని మూసే చట్టం వచ్చింది. 1911 నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికి వర్తించింది. నేరం రుజువు కాకుండానే, పుట్టుకను బట్టి కుటుంబాలకు కుటుంబాలే పోలీసు రిజిస్టర్లకు ఎక్కాయి. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఏర్పడిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. నిన్న తీరం నుంచి మెట్టకు సరుకు నడిపినవారి వంశం నేడు హాజరు పలికి, అనుమతి అడిగి కదలవలసి వచ్చింది. ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952లోను రద్దు చేశారు. ఉప్పు పన్ను కూడా 1947లోనే పోయింది. కాని మచ్చ మాత్రం చట్టంతో పోలేదు. అది ఆ ఊరి పిల్లలను తరతరాలుగా వెంటాడింది.

ఆడమ్ స్మిత్ చెప్పినది

స్వేచ్ఛా వ్యాపార సిద్ధాంతానికి మూల పురుషుడుగా చెప్పే ఆడమ్ స్మిత్ 1776లో పన్నుకు నాలుగు లక్షణాలు ఉండాలన్నాడు. అది శక్తికి తగినట్లుండాలి. ఎంతో, ఎప్పుడో ముందే తెలియాలి. కట్టేవానికి వీలైన సమయంలో వసూలు చేయాలి. వసూలు ఖర్చు, దానివల్ల వృత్తులకు కలిగే ఆటంకం తక్కువగా ఉండాలి. ఉప్పు వంటి అవసర వస్తువుపై పన్ను కష్టపడే పేదవాని ఖర్చు పెంచుతుందని కూడా అతడు అన్నాడు. మరొక మాట కూడా అన్నాడు: హెచ్చు పన్ను వేసి దొంగ వ్యాపారానికి ఆశ కల్పించేదీ చట్టమే, ఆశపడినవానిని శిక్షించేదీ చట్టమే.

ఉప్పు పన్ను మొదటి, నాలుగవ లక్షణాలలో తప్పింది. 1903 నుంచి 1907 వరకు ఆ పన్నును మెట్లు మెట్లుగా మణుగుకు ఒక రూపాయికి తగ్గించినప్పుడు ఉప్పు వాడకం పెరిగింది. పన్ను తగ్గితే ఖజానాకు వచ్చేది అదే లెక్కన తగ్గిపోదని దీనివల్ల తెలుస్తుంది.

చీరాలవారికి ఉన్నది, వీరికి లేనిది

స్టూవర్టుపురానికి కూతవేటు దూరంలోని చీరాల-పేరాలలో మునిసిపాలిటీ ఏర్పడి పన్నులు అనేక రెట్లు పెరిగినప్పుడు, 1921లో ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఊరు విడిచి, రామనగరు అనే పాకల ఊరు కట్టుకొని పదకొండు నెలలు నిలిచారు. అక్కడ నాయకుడున్నాడు, ఐకమత్యమున్నది, పత్రికలు రాశాయి. ఉప్పు మోసేవానికి ఇవేవీ లేవు. పన్ను భారం సంఘటితంగా లేనివాని మీదనే ముందు పడుతుంది. మనం సంఘంగా ఉండవలసిన కారణాలలో ఇదొకటి.

మన పాల విషయం

పాల పరిశ్రమకు లైసెన్సు విధానం 1991లో తొలగింది. 1992లో వచ్చిన పాలు, పాల ఉత్పత్తుల ఉత్తర్వు ప్రకారం రోజుకు 10,000 లీటర్లకు మించిన డైరీలు రిజిస్టరు చేసుకోవలసి ఉండేది. పాలు సేకరించే ప్రాంతాలకు హద్దులు కూడా ఏర్పడ్డాయి. ఆ హద్దులను 2002లో తీసివేశారు.

స్వేచ్ఛా వ్యాపార పక్షం వాదన ఇది: హద్దు గీస్తే రైతుకు కొనేవాడు ఒక్కడే మిగులుతాడు, అప్పుడు ధర అతని నోటి మాట. సహకార పక్షం సమాధానం ఇది: పాలు పుష్కలంగా వచ్చే కాలంలో కూడా కాదనక తీసుకొనేది సంఘమే, లాభం ఉన్న నెలల్లో మాత్రమే వచ్చే వ్యాపారి శీతల కేంద్రానికి పెట్టిన ఖర్చు పంచుకోడు. రెండింటిలోనూ నిజమున్నది. కాని హద్దు గీతతో నిలిచిన సభ్యుడు గీత చెరిగిననాడు వెళ్లిపోతాడు. సరైన కొలత, నిజమైన వెన్న శాతం, వేళకు చెల్లింపు వల్ల నిలిచినవాడు నిలిచే ఉంటాడు.

మన సంఘాల మీద అధికారుల పెత్తనం సంగతి కూడా ఇలాంటిదే. 1964 సహకార చట్టం రిజిస్ట్రారుకు విస్తారమైన అధికారాలిచ్చింది. ప్రభుత్వ వాటా ధనం తీసుకోని సంఘాలు తమ వ్యవహారం తామే చూసుకొనేటట్లు 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసినది మన రాష్ట్రమే. ఇటువంటి చట్టానికి దేశంలో ఇది మొదలు.

ఇక పన్ను. జి.ఎస్.టి. వచ్చిన 2017 నుంచి మామూలు పాలపై పన్ను లేదు. వెన్న, నెయ్యిలపై 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతమైంది. ఉదాహరణకు పన్ను లేని ధర కిలో 500 రూపాయలైన నెయ్యిపై ఇదివరకు 60 రూపాయలు పడేది, ఇప్పుడు 25. ఆ తేడా 35 రూపాయలు కొనేవానికి చేరిందా, పాలు పోసినవానికి చేరిందా, మధ్యలో ఆగిందా? సంఘ సమావేశంలో లెక్క అడిగే హక్కు సభ్యునికి ఉన్నది.

నిబంధనలన్నీ చెడ్డవా?

కావు. కల్తీని పట్టే చట్టం, తూనికలు కొలతల తనిఖీ లేకపోతే మంచి పాలు పోసినవాడే ముందు నష్టపోతాడు. రోడ్డు, పశువుల ఆసుపత్రి పన్నులతోనే వస్తాయి. కొలతను నిలబెట్టే నిబంధన వేరు, మనిషిని ఆపే నిబంధన వేరు. ఈ భేదం తెలియడమే ఈ పాఠం సారాంశం. ఉప్పు మోసినవాని తప్పేమీ లేకుండానే అతని దారి మూశారు. దారి పోయినవానిని దొంగ అన్నారు. అటువంటి లెక్క మన ఊళ్లో మరొకరి మీద పడకుండా చూడడం మన బాధ్యత.

సంఘ సమావేశంలో చర్చకు

1. మన సంఘానికి వర్తించే పన్నులు, రుసుములు ఏవి? వాటిలో చిన్న రైతుకు ఎక్కువ బరువైనది ఏది?
2. ఒకటి రెండు లీటర్లు పోసే సభ్యునికి అడ్డు వస్తున్న నిబంధన మన ఉపవిధులలోనే ఉన్నదా?
3. పాలు పోయాలని ఉన్నా, పశువు కొనే స్తోమత లేక, లేదా పిలిచేవారు లేక మన సంఘం వెలుపల మిగిలిన కుటుంబాలు ఎన్ని?

మూడవ ప్రశ్నకు జవాబు పేర్లతో సహా మినిట్సు పుస్తకంలో రాసుకొని, వచ్చే సమావేశంలో మళ్లీ చూడండి.