సూత్రశబ్దం: పుస్తకంలోని త్రాడు, వాస్తువులోని కొలత్రాడు

సంస్కృతంలో ‘సూత్రం’ అనగా దారం. కుట్టుట అనే అర్థంగల ‘సివ్’ ధాతువునుండి ఈ శబ్దం ఏర్పడినది. తాళపత్రాలకు రంధ్రం చేసి, వాటిగుండా పోనిచ్చి, పైనా క్రిందా చెక్కపలకలతో కలిపి కట్టే త్రాటికి ఈ పేరు సహజంగా చెల్లుతుంది. సూత్రగ్రంథాలకు ఆ పేరు ఈ త్రాటినుండియే వచ్చినదని కొందరి వివరణ. అది ఎంతవరకు నిలుచునో పరిశీలింపదగినది.

దీనికి రెండు అభ్యంతరాలున్నవి. ఆకులను కట్టే త్రాడు కావ్యానికీ, పురాణానికీ, శాస్త్రానికీ ఒక్కటే. అదియే కారణమైనచో ప్రతి పుస్తకమూ సూత్రమనిపించుకోవలెను. కాని ఆ పేరు అల్పాక్షరమైన శాస్త్రవాక్యాలకే రూఢమైనది. ఇది మొదటిది. ఇక, ఆ సంక్షిప్తత ధారణకు అనుకూలించినది. వ్రాతకు అవసరమైనది కాదు. పాణిని లిపి నెరిగినవాడే (3.2.21). అయినను అతడు పేర్కొన్న భిక్షుసూత్ర నటసూత్రాలు (4.3.110) చరణాలలో గురుముఖంగా అధ్యయనం చేసినవి. నేడు లభించే తాళపత్ర ప్రతులలో అతిప్రాచీనమైనవి క్రీస్తుశకం తొలి శతాబ్దులవి మాత్రమే.

వాస్తువిద్యలో సూత్రం కొలతకూ, ఋజుత్వానికీ సాధనం. యజ్ఞవేదికలను త్రాడుతోనూ మేకులతోనూ గీయు విధిని శుల్బసూత్రాలు చెప్పుచున్నవి, శుల్బమనగా త్రాడే. మహాభారత ఆదిపర్వంలో సర్పయాగభూమిని కొలిచిన సందర్భాన, ఆ యాగం పూర్తికాదని ముందుగా చెప్పిన స్థపతిని ‘సూత్రధారుడు’ అన్నారు. నాటకరంగంలోని సూత్రధారుని పేరే ఇది. మయమతం శిల్పులను స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు అని నాలుగు విధాలుగా చెప్పి, సూత్రగ్రాహి స్థపతికి పుత్రుడో శిష్యుడో కావలెనన్నది. ‘బ్రహ్మసూత్రం’ ఒకచోట బాదరాయణుని గ్రంథం, ఒకచోట యజ్ఞోపవీతం, శిల్పంలో ప్రతిమ మధ్యగా సాగే నిలువురేఖ, శివలింగంపై చెక్కే రేఖలు.

ద్రావిడభాషలలోను ఇట్టి అర్థవిస్తృతి కనిపించును. తమిళంలో ‘నూల్’ అనగా దారం, శాస్త్రగ్రంథం కూడ. తెలుగు ‘నూలు’ దారమనే అర్థంలోనే నిలిచినది. పదమూడవ శతాబ్దినాటి తమిళ వ్యాకరణం ‘నన్నూల్’ వడ్రంగి నూలు కొయ్య వంకరను తీర్చినట్లు శాస్త్రమనే నూలు మనసు వంకరను తీర్చునని ఉపమించినది. ఇందు పోలిక ఆకులు కట్టే త్రాటితో కాదు, వడ్రంగి కొలనూలుతో.

బృహదారణ్యకంలో ఉద్దాలకుడు యాజ్ఞవల్క్యుని అడిగిన సూత్రం సైతం ఇహపర లోకాలను కూర్చి నిలుపునది. కనుక శాస్త్రానికి సూత్రమను పేరు కూర్చుట, సరిగా నడుపుట అనే భావాలనుండి వచ్చినదనుటయే యుక్తం. పుస్తకపు త్రాడు అదే శబ్దానికి మరొక ప్రయోగం. ఈ భేదం పాఠబోధనలో ఉపకరించును. సూత్రాన్ని విడి వాక్యంగాకాక, పూర్వసూత్రంనుండి అనువృత్తితో సాగివచ్చే దారంగా చూపినప్పుడే అష్టాధ్యాయి నిర్మాణం విద్యార్థికి స్పష్టపడును.