ప్లాంక్ కసరత్తు – డైరీ లెక్క

కసరత్తు చేసేవాళ్లకు మన హాస్టళ్లలో ఎప్పుడూ కొదవ లేదు. తెల్లవారకముందే లేచి రోడ్డెక్కి పరుగు తీసేవాళ్లు, వరండాలో దండీలు, బస్కీలు తీసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కనబడతారు. కానీ చేసినదాన్ని రాసి పెట్టుకునేవాళ్లు అరుదు. పరీక్షల మార్కులు గుర్తు పెట్టుకుంటాం. ఇంటి నుంచి తెచ్చుకున్న పైసలు దేనికి ఖర్చయ్యాయో లెక్క చూసుకుంటాం. ఒంటి లెక్క మాత్రం రాయం.

జనగామ, మానుకోట, భూపాలపల్లి హాస్టళ్లలో చదివిన, ఇప్పుడు చదువుతున్న మేము కొందరం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడు ప్రాంతాలూ వరంగల్ జిల్లాలోనివే. జిల్లాలు వేరైనా హాస్టలు బతుకు ఒక్కటే. జిమ్ లేదు, కోచ్ లేడు. ఉన్నవి నేల, గోడ గడియారం, నోటుబుక్కు. ఈ మూడింటితో చేయగలిగిన మంచి కసరత్తు ప్లాంక్. దాన్ని ఎలా చేయాలి, ఎలా రాయాలి, రాసినదాన్ని ఎలా చదవాలి అన్నదే ఈ వ్యాసం.

ప్లాంక్ అంటే ఏమిటి?

ప్లాంక్ అంటే చెక్క పలక. శరీరాన్ని పలకలా తిన్నగా నిలిపి, కదలకుండా ఉంచడమే ఈ కసరత్తు. యోగాలో దీనికి దగ్గరగా ఉండేదాన్ని ఫలకాసనం అంటారు. దండీ తీసేటప్పుడు చేతుల మీద పైకి లేచిన చోట ఆగిపోతే అది కూడా ప్లాంకే. మోచేతుల మీద చేసే రకం ఎక్కువ వాడుకలో ఉంది.

దండీల్లో, బస్కీల్లో కండరం ముడుచుకుంటూ, సాగుతూ ఉంటుంది. ప్లాంక్‌లో కండరం బిగుసుకుంటుంది గానీ దాని పొడవు మారదు. పొట్ట, నడుము, పిరుదులు, భుజాల కండరాలు అన్నీ ఒకేసారి పనిచేసి వెన్నెముకను వంగకుండా కాపాడతాయి. అలా బిగుసుకున్న కండరంలో రక్తనాళాలు కొంత నొక్కుకుపోతాయి. అందుకే కొద్దిసేపటికే మంట, వణుకు మొదలవుతాయి. అది సహజమే.

పోలీసు ఈవెంట్లలో ప్లాంక్ లేదు కదా?

నిజమే, లేదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ పోలీసు నోటిఫికేషన్ల ప్రకారం పురుషులు 1600 మీటర్ల పరుగును 7 నిమిషాల 15 సెకండ్లలో ముగించాలి. 4 మీటర్ల లాంగ్‌జంప్ చేయాలి. 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. మహిళలకు 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకండ్లలో, లాంగ్‌జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. మూడింటిలోనూ నెగ్గితేనే తర్వాతి రాత పరీక్షకు అర్హత.

గుండు విసిరేది చెయ్యే అయినా, ఆ బలం కాళ్ల నుంచి బయలుదేరి నడుము మీదుగా చేతికి చేరుతుంది. మధ్యలో నడుము సడలితే కాళ్ల బలం అక్కడే ఆగిపోతుంది. పరుగులో కూడా అంతే. చివరి చుట్టులో అలసట వచ్చినప్పుడు ఒళ్లు అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచేది నడుం కట్టే. అమెరికా నౌకాదళం 2021లో తన శారీరక పరీక్షలో పొట్ట కసరత్తును తీసేసి దాని స్థానంలో ప్లాంక్ పెట్టింది. అయితే ఒక్క ప్లాంక్ చేస్తే ఉద్యోగం వస్తుందని మేము అనడం లేదు. పరుగుకు పరుగే చేయాలి, గుండుకు గుండే విసరాలి. ప్లాంక్ వాటికి పునాది.

ఎలా చేయాలి?

1. కార్పెట్టు పరిచి బోర్లా పడుకోవాలి. మోచేతులు సరిగ్గా భుజాల కింద ఉండాలి.

2. కాలి వేళ్ల మీద, ముంజేతుల మీద బరువు వేసి శరీరాన్ని లేపాలి. తల నుంచి మడమల దాకా ఒకే గీతలా ఉండాలి. చూపు నేల మీద ఉండాలి.

3. నడుము కిందికి జారకూడదు, పిరుదులు పైకి లేవకూడదు.

4. ఊపిరి బిగపట్టకూడదు. బిగపడితే రక్తపోటు పెరుగుతుంది, కళ్లు తిరుగుతాయి. పైకి వినపడేలా అంకెలు లెక్కపెడితే ఊపిరి దానంతట అదే ఆడుతుంది.

తిన్నగా ఉన్నామో లేదో మనకు కనపడదు. అందుకు ఒక జత కావాలి. జతగా ఉన్నవారు వెదురు కర్రను వీపు పొడవునా ఆనించి చూడాలి. తల వెనుక భాగం, రెండు భుజాల నడుమ, నడుము కింది ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తాకాలి. ఎక్కడ వదిలితే అక్కడితో టైం ఆపాలి. ఆ తర్వాత వణుకుతూ ఎంతసేపు ఉన్నా అది లెక్కలోకి రాదు. ఈ ఒక్క నియమం పాటిస్తేనే డైరీకి విలువ. లేకపోతే అంకె పెరుగుతుంది, బలం పెరగదు.

మొదలుపెట్టేవారికి 10 నుంచి 20 సెకండ్లు చాలు. అదీ కష్టమైతే మోకాళ్లు నేలకు ఆనించి చేయవచ్చు. రోజుకు మూడుసార్లు, మధ్యలో ఒక్కో నిమిషం విరామం. వారానికి మూడు రోజులు, అంటే సోమ, గురు, శనివారాలు చేస్తే సరిపోతుంది.

డైరీలో ఏం రాయాలి?

లాంగ్ నోటుబుక్కు చివరి పేజీల్లో స్కేలుతో గీతలు కొట్టుకుంటే చాలు. ఏడు గడులు కావాలి: తేదీ, సమయం, రాత్రి నిద్ర, రాత్రి తిన్న భోజనం, మూడుసార్ల సెకండ్లు, ఆగిన కారణం, చూసిన జత. నమూనాకు రెండు రోజులు చూడండి.

సోమవారం. ఉదయం 5.45. నిద్ర 7 గంటలు. అన్నం, పప్పు, గుడ్డు. 40, 34, 26 సెకండ్లు. కారణం: మూడుసార్లూ నడుము జారింది.

గురువారం. ఉదయం 5.45. నిద్ర 4 గంటలు, యూనిట్ టెస్టు చదువు. అన్నం సగమే తిన్నది. 31, 24, 17 సెకండ్లు. కారణం: భుజాలు వణికాయి.

ఈ గడులన్నింటిలో విలువైనది ఆగిన కారణం. నడుము జారిందా, భుజాలు వణికాయా, ఊపిరి ఆడలేదా, నొప్పి వచ్చిందా, లేక విసుగొచ్చి వదిలేశామా? ఉన్నదున్నట్టు రాయాలి. నడుము జారితే పిరుదులను ఇంకా గట్టిగా బిగించడం నేర్చుకోవాలి. భుజాలు వణికితే దండీలు అవసరం. విసుగే కారణమైతే మనసుకు పని చెప్పాలి. సెకండ్ల అంకె మనం ఎక్కడున్నామో చెబుతుంది. కారణం రేపు ఏం చేయాలో చెబుతుంది.

చేయని రోజును కూడా ఖాళీగా వదలకూడదు. "చేయలేదు, జ్వరం" అని, "చేయలేదు, ఊరికి పోయినం" అని రాయాలి. బోనాలకో, సమ్మక్క జాతరకో పోయి వచ్చాక అంకె తగ్గితే అప్పుడు కంగారు ఉండదు.

రాసినదాన్ని ఎలా చదవాలి?

రాయడం సగం పనే. నెలకోసారి కూర్చుని చదవాలి. అక్కడ పదో తరగతి లెక్కలు పనికొస్తాయి.

మొదటిది, మొత్తం. సోమవారం మూడుసార్లు కలిపితే 100. గురువారం 72. శనివారం 96 వచ్చిందనుకుందాం. వారం సగటు 89 చిల్లర. మధ్యగతం 96. నిద్ర లేని ఒక్క గురువారం సగటును కిందికి లాగింది. అందుకని వారాన్ని వారంతో పోల్చేటప్పుడు మధ్యగతం చూడటం మేలు. గురువారాన్ని మాత్రం కొట్టేయవద్దు. నిద్ర తగ్గితే ఒంటికి ఏమవుతుందో చెప్పే సాక్ష్యం అదే.

రెండోది, తరుగు. మొదటి అంకెలోంచి మూడో అంకె తీసేయాలి. 40లో 26 పోతే 14. నాలుగు వారాల తర్వాత 45, 43, 40 వచ్చాయనుకోండి. మొదటి అంకె 5 సెకండ్లే పెరిగింది. అది చూసి చాలామంది నిరాశపడి మానేస్తారు. కానీ మూడో అంకె 14 సెకండ్లు పెరిగింది, తరుగు 14 నుంచి 5కు వచ్చింది. అలసటకు తట్టుకునే శక్తి వచ్చిందని అర్థం. 1600 మీటర్ల పరుగులో చివరి చుట్టుకు కావలసింది ఆ శక్తే.

మొదటి రెండు మూడు వారాల్లో అంకె గబగబా పెరుగుతుంది. అప్పటికి కండ పెరగదు, ఉన్న కండరాలను కలిపి వాడుకోవడం మెదడు నేర్చుకుంటుంది. తర్వాత పెరుగుదల నెమ్మదిస్తుంది. ఆ దశలోనే డైరీ అవసరం ఎక్కువ. వరుసగా రెండు రోజులు మూడుసార్లూ తిన్నగా నిలబడితే 5 సెకండ్లు పెంచవచ్చు.

రికార్డుల మోజు వద్దు

ప్లాంక్ ప్రపంచ రికార్డులు వింటే ఆశ్చర్యం వేస్తుంది. 2020లో అమెరికాకు చెందిన జార్జ్ హుడ్ 62 ఏళ్ల వయసులో 8 గంటల 15 నిమిషాల 15 సెకండ్లు నిలిచాడు. 2023లో చెక్ దేశానికి చెందిన యోసెఫ్ షాలెక్ 9 గంటల 38 నిమిషాల 47 సెకండ్లకు చేర్చాడు. 2024లో కెనడాకు చెందిన 58 ఏళ్ల డోనాజీన్ వైల్డ్ మహిళల్లో 4 గంటల 30 నిమిషాల 11 సెకండ్ల రికార్డు నెలకొల్పింది. వారి పట్టుదలకు దండం పెట్టాలి. కానీ మన ఆరోగ్యానికి అన్ని గంటలు అవసరం లేదు. వెన్నెముక మీద పరిశోధన చేసిన కెనడా ఆచార్యుడు స్టువర్ట్ మెక్‌గిల్ పది సెకండ్ల చొప్పున పలుమార్లు పట్టడమే మేలని సూచించాడు. మూడుసార్లూ ఒక్కో నిమిషం తిన్నగా నిలిచే స్థితి వస్తే, ఆపైన సమయం పెంచే బదులు పక్కకు తిరిగి చేసే ప్లాంక్ నేర్చుకోవచ్చు.

అంకెలను డార్మిటరీ గోడ మీద రాసి పోటీ పెట్టవద్దని కూడా మా మనవి. గోడ మీదికెక్కిన అంకెకు అబద్ధం తోడవుతుంది. ఆరో తరగతి తమ్ముడు ఇంటర్ అన్నతో పోల్చుకుని దిగులుపడతాడు. ఎవరి డైరీ వారిదే, ఎవరి పోటీ వారి పోయిన నెలతోనే.

డైరీ, మెస్, రక్తం

నిద్ర బాగుంది, క్రమం తప్పలేదు, అయినా రెండు వారాలుగా అంకె పడిపోతూ ఉంది. మెట్లెక్కితే ఆయాసం, తరగతిలో నీరసం. అలాంటప్పుడు తనది బద్ధకమని ఎవరికి వారు తిట్టుకోవద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. చెల్లెళ్లూ, ఇది గుర్తుంచుకోండి. ఏఎన్ఎం అక్కకు డైరీ చూపించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష అడగండి. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకు అది 12 గ్రాములకు తగ్గకూడదు. వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను పారేయకుండా వేసుకోండి. భోజనం మీద టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసం తోడైతే బాగా పడుతుంది. డైరీ రోగాన్ని తేల్చదు. పరీక్ష చేయించుకోవాలని గుర్తు చేస్తుంది.

మెస్ సంగతీ అంతే. 2024లో ప్రభుత్వం మెస్ చార్జీలను పెంచింది. 8 నుంచి 10వ తరగతి వారికి నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలకు, ఇంటర్ నుంచి పీజీ వారికి 1,500 నుంచి 2,100 రూపాయలకు పెరిగాయి. గుడ్డు వచ్చిన రోజు, రాని రోజు డైరీలో ఉంటే మెస్ కమిటీలో మాట్లాడేటప్పుడు "ఎప్పుడూ పెట్టడం లేదు సార్" అని గాలిమాట చెప్పనక్కర లేదు. తేదీలతో చెప్పవచ్చు. తేదీలతో చెప్పిన మాటను తోసేయడం కష్టం.

జాగ్రత్తలు

తిన్న తర్వాత రెండు గంటలు ఆగాలి. జ్వరం వచ్చి తగ్గిన వారం చేయవద్దు. నడుములో పోటు పొడిచినా, కాలికి నొప్పి పాకినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి. ఆపరేషన్ అయినవారు, హెర్నియా ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. నెలసరి రోజుల్లో చేయడం, మానడం ఎవరి ఒంటి వీలును బట్టి వారిష్టం.

చివరగా

2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్లు కూడా నిండలేదు. వాళ్లు మొదట సాధన చేసింది జనగామ నుంచి హైదరాబాదు పోయే దారిలో ఉన్న భువనగిరి గుట్ట మీదనే. మనలో అందరం ఎవరెస్టు ఎక్కం. కానీ కానిస్టేబుల్ పరీక్షకో, సింగరేణి ఉద్యోగానికో, పొలం పనికో, రోజంతా కూర్చుని చదివే గ్రూప్స్ ప్రిపరేషన్‌కో నిలబడే నడుము మాత్రం అందరికీ కావాలి. మనలో చాలామందికి తాతలిచ్చిన భూమి లేదు. ఉన్న ఆస్తి ఈ ఒళ్లూ, ఈ చదువూ. చదువుకు ప్రోగ్రెస్ కార్డు బడి ఇస్తుంది, ఒంటికి మనమే రాసుకోవాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు ఉదయం ఒక జతను వెతుక్కోండి, ఒక పేజీకి గీతలు కొట్టండి. మొదటి అంకె పదే వచ్చినా సరే, పది అనే రాయండి. వచ్చే వార్షికోత్సవానికి ఆ పుస్తకాన్ని వెంట తెచ్చుకోండి. కలిసి కూర్చుని చదువుదాం.