కుస్‌కుస్ - పెద్దకూర



మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, మౌరిటేనియా దేశాల్లో కుస్‌కుస్ ఇంటింటి వంట. తడిపిన గోధుమ రవ్వను అరచేతులతో రుద్ది సన్నని పలుకులు చేస్తారు. కింది కుండలో గొర్రె మాంసమో, పెద్దకూరో వేసి, శనగలు, గుమ్మడి ముక్కలతో ఉడికిస్తారు. ఆ ఆవిరికే పైనున్న చిల్లుల గిన్నెలో కుస్‌కుస్ ఉడుకుతుంది. మధ్యలో దించి, నీళ్లు చల్లి, ఉండలు విడదీసి మళ్లీ ఆవిరికి పెట్టాలి. ఒకే పొయ్యి, రెండు వంటలు! 2020లో యునెస్కో ఈ నైపుణ్యాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది.

హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మ పంపిన పెద్దకూరను "ఆలుగడ్డ కూర" అని చెప్పి, మూలన కూర్చుని తిన్నాను. పీజీలో కుస్‌కుస్ గురించి చదివాక నా అబద్ధానికి సిగ్గుపడ్డాను. మా అమ్మ బడికి పోలేదు. కానీ ఆమె చేతి వంట కూడా విద్యే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మనడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి.