ఎంబసీ అంటే వీసా ఆఫీసేనా?



"ఎంబసీ ఏం చేస్తుంది?" అని సోషల్ క్లాసులో అడిగితే పిల్లల్లో ఎక్కువమంది "వీసాలు ఇస్తుంది" అంటారు. మన దేశంలోని విదేశీ ఎంబసీల పనిలో మనకు కనిపించేది అదే కాబట్టి వారి తప్పు లేదు. విదేశంలో ఉన్న మన ఎంబసీకి ఇంకా చాలా పని ఉంటుంది. నెల్లూరు తీరంలో కువైట్‌లో మనిషి ఉన్న ఇళ్లు ఎన్నో. కాబట్టి ఇది పరీక్షకు చదివి వదిలేసే పాఠం కాదు.

ఎంబసీ రాజధానిలో, కాన్సులేట్ మరో పెద్ద నగరంలో ఉంటాయి. యూఏఈలో మన ఎంబసీ అబుదాబిలో, కాన్సులేట్ దుబాయ్‌లో ఉన్నాయి. మనవారు అక్కడ అరెస్టయి, కోరితే, ఆ సంగతి మన కాన్సులేట్‌కు తెలపాలని 1963 నాటి వియన్నా ఒప్పందం చెబుతుంది. అధికారులు జైలుకెళ్లి కలవచ్చు, లాయరును ఏర్పాటు చేయవచ్చు. విడిపించడం మాత్రం వారి చేతిలో లేదు. పాస్‌పోర్ట్ పోయినవారికి ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ఆపదలో చిక్కుకుని టికెట్‌కు డబ్బు లేనివారి కోసం 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంది.

మన రాష్ట్రపు తీరంలోనే జరిగిన సంగతి చూడండి. గుజరాత్ బోట్లలో పనికి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం వైపు మత్స్యకారులను సరిహద్దు దాటారని 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. అంటే పద్నాలుగు నెలలు! 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అయితే జాబితాలో పేరుంటే చాలదు, ఆ మనిషి భారతీయుడేనని మనవైపు నుంచి నిర్ధారణ కావాలి. అది తేలేది సొంత ఊళ్లో, ఇంట్లోని కాగితాలతో. కరాచీ జైల్లో ఉన్న మనిషికి ఇంటి బీరువాలోని కాగితం అవసరం పడుతుంది.

అందుకే ఈ నెల పిల్లలకు ఒక పని ఇస్తున్నాం. ఇంట్లోగానీ బంధువుల్లోగానీ విదేశంలో ఉన్నవారి పాస్‌పోర్ట్ నంబరు, వీసా కాపీ, యజమాని లేదా కాలేజీ పేరు, చిరునామా, ఫోను ఒకే కాగితం మీద రాయించండి. మామూలుగా ఇళ్లలో దొరికేది ఏజెంటు ఫోన్ నంబరు ఒక్కటే, అదీ చాలాసార్లు స్విచాఫ్. వివరాలుంటే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు. ఎంబసీ నంబరు కూడా కాగితం మీద ఉండాలి. దాన్ని ఎంబసీ సొంత వెబ్‌సైట్‌లోనే చూసి రాయమనండి.