‘మీ వాడు చదవడం లేదండీ’

తెలుగు జిల్లాల్లో పనిచేశాం, బదిలీ మీద మధ్యప్రదేశ్‌కూ కర్ణాటకకూ వెళ్లాం, మళ్లీ ఇటే వచ్చాం. ఎక్కడున్నా తల్లిదండ్రుల సమావేశం రోజున లెక్కల మాస్టారి బల్ల దగ్గరే రద్దీ. మా దగ్గర వరుస చిన్నది. “తెలుగేగా సార్, ఇంట్లో మాట్లాడేదే” అని నవ్వి వెళ్లిపోతారు. కాబట్టి ఆగిన ఆ రెండు నిమిషాల్లో మేము ఏ మాట వాడతామన్నది చిన్న విషయం కాదు. ఇది మాకు ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ల క్రితం ఒక వసతి విద్యాలయంలో, ఆరవ తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పొడుపుకథలు విప్పడంలో వాడిని మించినవాడు లేడు. పాఠం చదవమంటే మాత్రం పక్కవాడు చదివింది విని అప్పజెప్పేవాడు. తండ్రికి ఫోను చేసి, “మీ వాడు చదవడం లేదండీ” అన్నాం. పుస్తకం చూసి చదవడం రావడం లేదని మా ఉద్దేశం. ఆయనకు అర్థమైంది వేరు. ఆ ఆదివారం పని మానుకుని, రెండు బస్సులు మారి వచ్చారు. వచ్చీ రాగానే హాస్టల్ వరండాలోనే పిల్లవాడి చెంప మీద కొట్టారు. “ఇంత దూరం పంపితే ఆడుకుంటున్నావా?” అన్నారు. వాడు మా వైపు చూశాడు, ఏమీ అనలేదు.

‘చదవడం’ అనే మాటకు మన భాషలో రెండు పనులు. అక్షరాలు కలుపుకుని చదవడం ఒకటి, శ్రద్ధగా చదువుకోవడం ఇంకొకటి. ఇంట్లో ముందుగా తట్టేది రెండోదే. హిందీలో ‘పఢ్‌నా’ అన్నా, కన్నడంలో ‘ఓదు’ అన్నా ఇదే చిక్కు. రాని పనిని చేయని పనిగా చెప్పాం. దెబ్బ పిల్లవాడికి తగిలింది.

ఆ రోజే తండ్రిని పక్కకు తీసుకెళ్లి నోటుపుస్తకం తెరిచాం. ‘అమ్మ’, ‘అక్క’ వాడు తప్పు లేకుండా రాస్తాడు. ఒకే హల్లు రెండుసార్లు వస్తే ఇబ్బంది లేదు. రెండు వేర్వేరు హల్లులు కలిసిన ‘పద్మ’, ‘కష్టం’ దగ్గరే ఆగిపోతాడు. అది చూపించి, చిన్నప్పుడు ఏ బడిలో చదివాడని అడిగాం. రెండో తరగతిలో ఉండగా ఇటుక బట్టీల పనికి వలస వెళ్లామని, రెండేళ్లు బడి సరిగా సాగలేదని చెప్పారు. ఒత్తులు దిద్దాల్సిన రోజుల్లో పిల్లవాడు బట్టీ దగ్గర ఉన్నాడు. ఫోనులోనే ఈ ప్రశ్న అడిగి ఉండాల్సింది.

“నాకు అక్షరం ముక్క రాదు సార్, నేనేం చెప్పగలను?” అన్నారాయన. సెలవుల్లో బస్సు బోర్డులు, విత్తనాల సంచి మీది పేర్లు వాడిచేత చదివించుకోమన్నాం. ఆగితే కసరవద్దని, రెండోసారి చదవమని అంటే చాలని చెప్పాం.

అప్పటినుంచి మార్కుల కంటే ముందు వచ్చింది చెబుతాం, తర్వాత రానిది నోటుపుస్తకంలో చూపిస్తాం. నలుగురి ముందు చెప్పం. ‘మొద్దు’ అనే మాట సరే, ‘డిస్లెక్సియా ఉన్నట్టుంది’ అని కూడా మా అంతట మేము అనం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలను గుర్తించింది. అయితే ఉందో లేదో తేల్చాల్సింది నిపుణులు. మేము చూసింది చెప్పి, పరీక్ష చేయించమంటాం.

2024 డిసెంబరు నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పాఠశాలల్లో 5, 8 తరగతులు తప్పినవారికి రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచుతారు. అలా ఉంచిన బిడ్డకే కాక, అవసరమైతే తల్లిదండ్రులకు కూడా తరగతి ఉపాధ్యాయులు దారి చూపాలని ఆ నిబంధనల్లోనే ఉంది. మా దృష్టిలో ఆ పని జూలైలో మొదలుకావాలి. మార్చిలో చేసే ఫోను ఫలితం చెప్పడానికే పనికొస్తుంది.

ఆ తండ్రికి దసరా సెలవుల తర్వాత మళ్లీ ఫోను చేశాం. “మీ వాడు నిన్న ‘విద్యార్థి’ అనే మాట ఆగకుండా చదివాడండీ” అన్నాం.

“అది కష్టమైన మాటా సార్?”

“రెండు ఒత్తులున్నాయి. కష్టమే.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఫోను ఒకసారి వాడికివ్వమన్నారు.