బడి కౌన్సెలర్లకు పాఠం చెప్పే గురువు



పిల్లవాడికి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకువస్తాం. మనసు బాగాలేకపోతే ఎక్కడికి తీసుకువెళ్ళాలో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అలాంటి పిల్లల బాధ తరచుగా ముందు బడిలోనే బయటపడుతుంది. అందుకే ఈ పాఠంలో బడి కౌన్సెలర్ గురించి, ముఖ్యంగా ఆ కౌన్సెలర్‌కు శిక్షణ ఇచ్చే విశ్వవిద్యాలయ అధ్యాపకుల పని గురించి తెలుసుకుందాం.

1. ఈ అవసరం ఎందుకు వచ్చింది?

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్ది రోజుల్లోనే ఇరవైమంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన 17 ఏళ్ళ విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ గాని, మనస్తత్వ నిపుణుడు గాని, సామాజిక కార్యకర్త గాని ఉండాలని చెప్పింది. చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి.

గది కేటాయించి, బల్ల వేసి, పేరు రాసిన పలక తగిలించడం సులువే. ఆ గదిలో కూర్చునేవారికి పని రాకపోతే, ధైర్యం చేసి ఒకసారి వచ్చిన పిల్లవాడు మళ్ళీ రాడు. కనుక నేర్పేవారి బాధ్యత చాలా పెద్దది.

2. ముందుగా ఈ ప్రాంతాన్ని తెలుసుకోవాలి

1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ యువకులకు తగిన ఉద్యోగం ఎంచుకోవడంలో సాయం చేసే కార్యాలయం ప్రారంభించాడు. బడి కౌన్సెలింగ్‌కు మూలాలు అక్కడ ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు కూడా ఎక్కువగా ఆ దేశానివే. కాని డిచ్‌పల్లి, బోధన్, ఆర్మూర్ పిల్లల కథ ఆ పుస్తకాలలో దొరకదు.

బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తండ్రి కూలి పోయిన ఇల్లు, చెరకు వేయాలా మానాలా అని తేల్చుకోలేని రైతు ఇల్లు, తండ్రి గల్ఫ్‌లో ఉండి ఫోనులో మాత్రమే పలకరించే ఇల్లు, అమ్మ చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే ఇల్లు: పిల్లలు ఇలాంటి ఇళ్ళ నుండి బడికి వస్తారు. కొందరు ఇంట్లో ఉర్దూ, కొందరు మరాఠీ, కొందరు లంబాడీ మాట్లాడతారు. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం డిచ్‌పల్లిలోనే ఉంది. ఇటువంటి చోట కొత్తగా చేరే అధ్యాపకులు ఈ ఇళ్ళను చూసి, ఈ పిల్లల భాష విని, ఆ తరువాత పాఠం తయారుచేసుకుంటే విద్యార్థులకు మేలు.

3. సలహాకు ముందు వినడం

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదో తరగతి అమ్మాయి తరగతిలో నిద్రపోతోంది, మార్కులు తగ్గాయి. శిక్షణలేని వ్యక్తి, "అమ్మా, మీ నాన్న అంత దూరంలో కష్టపడుతున్నాడు, నువ్వు బాగా చదవాలి కదా" అంటారు. అమ్మాయి తల ఊపి వెళ్ళిపోతుంది. మనకు ఏమీ తెలియలేదు, ఆమె బరువు ఇంకా పెరిగింది.

శిక్షణ పొందినవారు, "ఈ మధ్య రాత్రిళ్ళు ఎలా గడుస్తున్నాయమ్మా?" అని అడిగి ఆగుతారు. ఆ మౌనాన్ని భరించడం నేర్చుకోవాలి. అమ్మాయి, "అమ్మతో కలిసి పన్నెండు దాకా బీడీలు చుడతాను" అనవచ్చు. లేదా ఇంకేదో భయం చెప్పవచ్చు. రక్తహీనత, చూపు లోపం, ఆకలి కూడా నిద్రమత్తుకు, చదువులో వెనుకబాటుకు కారణం కావచ్చు గనుక వైద్య పరీక్షకు పంపడం కూడా కౌన్సెలర్ పనే.

ఎదుటివారి బాధను వారి వైపు నుండి అర్థం చేసుకోవడం, నటన లేకుండా ఉండడం, షరతులు లేకుండా ఆదరించడం అవసరమని కార్ల్ రోజర్స్ 1957లో రాశాడు. ఇవి ఉపన్యాసంతో రావు. తరగతిలో ఒకరు విద్యార్థిగా, ఒకరు కౌన్సెలర్‌గా మాట్లాడి, గురువు చూసి సరిదిద్దితేనే వస్తాయి.

4. రహస్యం ఎంతవరకు?

"ఎవరికీ చెప్పకండి" అని బిడ్డ అడిగితే ఏమి చేయాలి? శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదే. పిల్లలు చెప్పిన మాట స్టాఫ్ రూములో ముచ్చట కాకూడదు. అయితే ప్రాణాపాయం ఉన్నప్పుడు రహస్యం ఉంచకూడదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఈ హద్దులు మొదటి రోజే బిడ్డకు చెప్పాలి. తరువాత చెబితే మోసపోయానని అనుకుంటుంది.

చనిపోవాలన్న ఆలోచన ఉందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని కొందరి భయం. అది నిజం కాదు. మృదువుగా, సూటిగా అడిగితే బిడ్డకు చెప్పుకునే దారి దొరుకుతుంది. ఉందని చెబితే ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో నమ్మదగిన పెద్దలకు తెలిపి, వెంటనే మానసిక వైద్యుని వద్దకు పంపాలి.

5. ఆలోచించండి, చర్చించండి

అ) మీ పిల్లల బడిలో బాధ చెప్పుకోవడానికి ఒక మనిషి, తలుపు వేసుకోగల ఒక గది ఉన్నాయా?
ఆ) ఈ వారం మీ బిడ్డ చెప్పిన మాటను సలహా ఇవ్వకుండా చివరిదాకా విన్నారా?
ఇ) తల్లిదండ్రుల సమావేశంలో మార్కులు కాక ఇంకేమి అడగవచ్చు?

గుర్తుంచుకోండి: మానసిక సహాయానికి 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ ఉచిత ఫోన్ 14416. ఆపదలో ఉన్న పిల్లలకు 1098. ఈ రెండు నంబర్లను ఇంట్లో పిల్లలకు కనిపించే చోట రాసి పెట్టమని కోరుతున్నాము.