నిమ్ము చేసిన బిడ్డకి విటమిన్ చాలునా?

గూడెం కొత్తవీధి కొండల్లో చలి ఎక్కువ. చలికాలంలో ఇంట్లోనే నెగడు వేస్తారు. తలుపు మూస్తారు. పొగ ఇంట్లోనే తిరుగుతుంది. చంటిపిల్లలు ఆ పొగే పీలుస్తారు. దగ్గు మొదలవుతుంది.

చాలా దగ్గులు వాటంతట అవే తగ్గిపోతాయి. కొన్ని మాత్రం ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. దాన్నే నిమ్ము అంటాం. డాక్టర్లు న్యుమోనియా అంటారు. ఐదేళ్ల లోపు పిల్లల ప్రాణాలు తీసే జబ్బుల్లో ఇది పెద్దది.

బిడ్డకి బలం లేక దగ్గుతోందని కొందరు తల్లులు అనుకుంటారు. సంతలో విటమిన్ టానిక్కు సీసా కొంటారు. కూలి డబ్బు పోతుంది. పోతే పోయింది. సీసాని నమ్ముకుని రెండు రోజులు ఆగడమే ప్రమాదం.

విటమిన్ మంచిది కాదా? మంచిదే. కంటిచూపుకి, రోగాన్ని తట్టుకోడానికి విటమిన్ ఎ కావాలి. మరి దగ్గు జబ్బులకి పనికొస్తుందా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పరీక్షించి చూశారు. చుట్టుపక్కల పల్లెల్లో 15 వేలకు పైగా పిల్లల్ని తీసుకున్నారు. ఆరు నెలలకోసారి కొందరికి విటమిన్ ఎ పోశారు. కొందరికి విటమిన్ లేని మందు పోశారు. 1990లో ఫలితం చెప్పారు. దగ్గు జబ్బులు రెండు జట్లలోనూ ఒకటే. చావులూ ఇంచుమించు ఒకటే. ఏ మందూ ఒక్కసారి కూడా అందని పిల్లల్లోనే చావులు ఎక్కువ. ఆరోగ్య కార్యకర్త వచ్చిపోతూ ఉండటమే మేలు చేసిందేమో!

అదే ఏడాది తమిళనాడు నుంచి ఇంకో ఫలితం వచ్చింది. అక్కడ వారం వారం కొంచెం పోశారు. చావులు సగానికి తగ్గాయి. దగ్గు జబ్బులు మాత్రం తగ్గలేదు.

తర్వాత నిమ్ము చేసిన పిల్లలకే మందుతో పాటు విటమిన్లు ఇచ్చి చూశారు. ఎ, సి, డి, ఇ అన్నీ చూశారు. త్వరగా కోలుకున్నట్టు గట్టిగా తేలలేదు. తట్టు సంగతి వేరు. తట్టు పోసిన బిడ్డకి విటమిన్ ఎ ప్రాణం కాపాడుతుంది. అది ఆసుపత్రిలోనే పోస్తారు.

నిమ్ముని ఎలా కనిపెట్టాలి? ఊపిరి లెక్కపెట్టాలి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చూడండి. చొక్కా పైకి తీయండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి.

రెండు నెలల లోపు బిడ్డకి: 60, ఆ పైన.
రెండు నెలల నుంచి ఏడాది లోపు: 50, ఆ పైన.
ఏడాది నుంచి ఐదేళ్ల లోపు: 40, ఆ పైన.

ఇంత వస్తే నిమ్ము కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా లెక్కతో పని లేదు. వెంటనే బయలుదేరాలి.

"సంత రోజు దాకా చూద్దాం వదినా" అని ఎవరైనా అంటారు. వినకండి. డోలీ కట్టాల్సిన గూడేలకి దారే సగం రోజు తినేస్తుంది.

ఆసుపత్రిలో అమాక్సిసిలిన్ మందు ఇస్తారు. జబ్బు పురుగుని చంపేది అదే. దగ్గు తగ్గినట్టు కనిపించినా చెప్పినన్ని రోజులూ వెయ్యాలి. చనుబాలు ఆపకూడదు.

టానిక్కు డబ్బుతో గుడ్లు కొనవచ్చు. మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయి పెరట్లోనే ఉంటాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకి చోడి అంబలితో పాటు ఇవీ మెత్తగా చేసి పెట్టాలి. విటమిన్ ఎ మందు 9 నెలలకి మొదలుపెట్టి, ఐదేళ్ల లోపు 9 సార్లు ఉచితంగా పోస్తారు. అంతకు మించి సొంతంగా పోయకూడదు. అది ఒంట్లో పేరుకుని విషమవుతుంది.

నిమ్ముని ఆపే టీకా కూడా ఉంది. పేరు పి.సి.వి. మన రాష్ట్రంలో 2021 నుంచి ఉచితంగా వేస్తున్నారు. 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి వేయించాలి.

మీ బిడ్డ టీకాల కార్డు తీయండి. పి.సి.వి. ఎదురుగా ఎన్ని తేదీలు రాసి ఉన్నాయి? విటమిన్ ఎ ఎదురుగా ఎన్ని ఉన్నాయి?